పాట తర్వాత, ముందు డ్యూటీ అడగండి

ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో తెలుగు ముసలమ్మల్ని “ఒక పాట పాడు మామ్మా” అంటే పాడరు. “పాటేటి బాబూ, అన్నీ మర్చిపోనాను” అని తేల్చేస్తారు. అదే “తాతయ్య ఏ డ్యూటీకెళ్లేవాడు, క్యారేజీలో ఏం కట్టేదానివి?” అనండి. గంజన్నం, నంజుకోను ఎండుచేప, జీతాల రోజు అప్పు వసూలుకు గేటు దగ్గర కర్రతో కాచుకున్న కాబూలీవాలా, అతని కంట పడకుండా పక్క సందులోంచి ఇల్లు చేరిన మొగుడు, వరసగా అన్నీ వస్తాయి. ఆ నవ్వులోనే ఊడ్పుల పాట కూడా వచ్చేస్తుంది. శ్రీకాకుళం మడిలో పుట్టి బెంగాల్ బండెక్కిన పాట అది.

ఈ కిటుకు నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో మహామాంద్యంలో కొలువులు పోయిన రచయితలకు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935లో ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టు పెట్టి, జీతమిచ్చి జనంలోకి పంపింది. జోరా నీల్ హర్‌స్టన్ ఫ్లోరిడాలో పనిలో పాడే పాటలు పోగుచేసింది. రాల్ఫ్ ఎలిసన్ హార్లెంలో జనం మాటలు రాసుకున్నాడు. బానిసలుగా పుట్టినవాళ్ల కథనాలే 2,300కు పైగా చేరాయి. అందులో లోపమూ ఉంది. అడగడానికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. దొరల బిడ్డ ఎదురుగా కూర్చుంటే కొరడా సంగతి ఎవరు నోరు విప్పి చెబుతారు?

అదే 1935లో గుంటూరు జిల్లా కాలువ మీద పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు తిప్పారు. అంతకు ముందే గిడుగు రామమూర్తి సవర గిరిజనుల పాటలూ కథలూ రాసుకున్నారు. కాబట్టి ఈ పని మనకు చేతకానిదేం కాదు.

ఖరగ్‌పూర్‌కే వస్తే, 1927లో ఉద్యోగాల కోత మీద వర్క్‌షాపు కార్మికులు సమ్మె కట్టారు. ఆనాటి బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) కార్మిక నాయకుల్లో వి.వి.గిరి ఒకరు. సమ్మె తేదీలు చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ నెలల్లో పొయ్యి ఎలా వెలిగిందో, పుస్తెలు ఎవరి దగ్గర తాకట్టులో ఉన్నాయో చెప్పాల్సింది మాత్రం ఆ ఇళ్ల కోడళ్ల దగ్గర విన్న మనవరాళ్లే. వాళ్లూ ఇప్పుడు ముసలివాళ్లు.

సెలవులకు నిమ్‌పురా వచ్చే పిల్లలూ, ఫోనులో రికార్డింగు పెట్టి జీతమెంత, అప్పెవరిచ్చారు, బియ్యమెక్కడ కొన్నారు అని అడగండి. “పోనాను” అంటే “పోయాను” అని దిద్దకండి. రాసిందాని ప్రతి ఒకటి దగ్గర్లోని గ్రంథాలయంలో ఇవ్వండి. బీరువాలో ఒక అర ఖాళీ చేయించే పూచీ పెద్దలు తీసుకోవాలి.