యంత్రవాద్యముల కోశములు: చూపు, వినికిడి

వాయించువాడు లేకయే పాడెడు వాద్యములను గూర్చిన ఆకరగ్రంథములలో, 1972లో అమెరికాలో వెలువడిన క్యూ. డేవిడ్ బవర్స్ ‘ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఆటోమేటిక్ మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్స్’ పేరుపొందినది. వేయి పుటల ఆ గ్రంథమున మ్యూజిక్ బాక్సులు, మరపియానోలు, ఆర్గన్‌ల చిత్రములు, నాటి వ్యాపార ప్రకటనలు కుప్పలుగా నున్నవి. వాద్యమును గుర్తించుటకు అది చక్కని సాధనము. కాని మూగ పుస్తకము.

చిత్రము, ధ్వని, చలనచిత్రము కలిపిన బహుమాధ్యమ కోశములు ఆ కొరతను తీర్చినవనుట సగమే నిజము. మ్యూజిక్ బాక్సులో సిలిండరుపైని సూదిమొన ఉక్కు దువ్వెన పంటిని మీటి విడుచును. గాలితో మ్రోగు ఆర్గన్‌లో అట్లు కాదు. సిలిండరుపై వంచి నాటిన తీగ ఎంత పొడవో, స్వరము అంతసేపు నిలుచును. కావున సిలిండరు తిరిగిన వేగమును చెప్పక పాటను మాత్రము వినిపించినచో, అది 18వ శతాబ్ది సంగీతమునకు సాక్ష్యము కాజాలదు. మరమ్మతు చేసినవాని అభిరుచియే మనకు వినబడుచుండవచ్చును! చేతితో త్రిప్పు వాద్యములలో ఈ చిక్కు మరింత హెచ్చు.

1775లో పారిస్‌లో ‘లా టోనోటెక్నీ’ని ప్రకటించిన ఎంగ్రామెల్ అను క్రైస్తవ సన్న్యాసి ఈ సంగతిని బాగుగా నెరుగును. ప్రతి స్వరమునకును మ్రోగు కాలమును, దాని వెంటనుండు మౌనమును వేరువేరుగా కొలిచి చూపెను. ధ్వనిముద్రణ లేని దినములలో ఆయన చేసిన ఈ పని, నేటి కోశములలో పెక్కింటికి లేని గుణము.

పాట ప్రక్కన సిలిండరు ఒక చుట్టు తిరుగుటకు పట్టిన సెకన్లను, దానిపైని తీగల పటమును, మరమ్మతు వివరమును ఇచ్చినచో, విద్యార్థి తీగ పొడవునుబట్టి స్వరకాలమును తానే లెక్కించి, విన్నదానితో సరిచూచుకొనగలడు. అందుకు త్రైరాశికము చాలును.