కొక్కెం చూపించారు, గాయం చూపించలేదు

రీమేక్ అనగానే తెలుగు ప్రేక్షకుడికి ముందుగా తట్టేది భాష మారడం. మలయాళంలోనో తమిళంలోనో ఆడిన కథ మన హీరోతో, మన ఊళ్ల పేర్లతో మళ్లీ వస్తుంది. హాలీవుడ్‌లో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ చాలాసార్లు భాష అదే, ఊరు అదే, మారేది కాలం. పాతికేళ్లో ముప్పై ఏళ్లో గడిచాక అదే కథను కొత్త తారలతో, పెద్ద ఖర్చుతో మళ్లీ తీస్తారు. వరుస హత్యల మీద నడిచే స్లాషర్ సినిమాలకు ఈ అలవాటు బలంగా పట్టుకున్నది 2003 తర్వాత. టోబీ హూపర్ 1974లో తీసిన 'ది టెక్సాస్ చైన్ సా మాసకర్'ను ఆ ఏడాది మార్కస్ నిస్పెల్ మళ్లీ తీశాడు. వ్యానులో బయల్దేరిన అయిదుగురు కుర్రవాళ్లు, టెక్సాస్ పల్లెల్లో ఒక ఇల్లు, మనిషి చర్మంతో చేసిన ముసుగు తొడుక్కుని మోటారు రంపంతో వెంటపడే లెదర్‌ఫేస్. రెండింటిలోనూ ముడిసరుకు ఇదే. కొత్తదాన్ని చూసినవాళ్ల అభిప్రాయాలు అప్పుడే చీలిపోయాయి, ఇప్పటికీ కలవలేదు. పాతదాన్ని ఆరాధించేవాళ్లలో ఎక్కువమంది చెప్పే మాట ఒకటుంది: రక్తం పెరిగింది, భయం తగ్గింది. ఈ మాటలో సగం నిజం. మిగతా సగాన్ని సరిచూడకపోతే రెండు సినిమాలకూ అన్యాయం చేసినవాళ్లమవుతాం.

ముందు పాత సినిమా సంగతి. దాన్ని ఎప్పుడో ఒకసారి చూసినవాళ్లను అడిగితే, అందులో రక్తం ఏరులై పారిందని చెబుతారు. కొక్కెం దృశ్యాన్ని ప్రత్యేకంగా గుర్తుచేసుకుంటారు. పామ్ అనే అమ్మాయిని లెదర్‌ఫేస్ ఎత్తి, కబేళాల్లో మాంసం వేలాడదీసే ఇనుప కొక్కేనికి తగిలించే దృశ్యం అది. ఇనుము వీపులో దిగడం కళ్లారా చూశామని ఒట్టేసి చెప్పేవాళ్లున్నారు. సినిమాలో ఆ షాట్ లేదు. కొక్కెం ఒక షాట్‌లో కనిపిస్తుంది. అమ్మాయిని పైకెత్తడం, ఆమె ముఖం, అరుపు కనిపిస్తాయి. ఆమె కాళ్ల కింద ఒక తొట్టి ఉంటుంది. ఆ తొట్టి ఎందుకుందో ఎవరూ చెప్పరు. దాన్ని చూసిన మరుక్షణం మన బుర్ర దాన్ని నింపేస్తుంది. పేరులోనే మోటారు రంపం ఉన్న ఈ సినిమాలో రంపానికి తెరమీద బలయ్యేది ఒక్కడే, చక్రాల కుర్చీలో ఉన్న ఫ్రాంక్లిన్. అదీ చీకట్లో. పీజీ సర్టిఫికెట్ వస్తుందన్న ఆశతో హూపర్ కావాలనే రక్తం తగ్గించి తీశాడు. వచ్చింది మాత్రం అంతకన్నా కఠినమైన ఆర్. బ్రిటన్ సెన్సారు బోర్డు 1975లో సర్టిఫికెట్టే నిరాకరించింది. కత్తెర వేసి విడుదల చేయగలమా అన్న ప్రయత్నమూ జరిగింది, ఫలితం లేకపోయింది. ఎందుకంటే భయం కత్తిరించగల ఏ ఒక్క షాట్‌లోనూ లేదు, సినిమా మొత్తానికి పట్టి ఉంది. చివరికి 1999లో ఒక్క కత్తిరింపూ లేకుండా వదిలారు. లేని గాయాన్ని చూశామని చెప్పే ప్రేక్షకుడిది మతిమరుపు అనుకోకూడదు. హూపర్ పనితనానికి అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

ఆ పనితనం ఎలాంటిదో మొదటి హత్యలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అంతకు చాలా ముందే, వ్యాను వెళ్తుండగా, దారిలో ఎక్కించుకున్న ఒక పిచ్చివాడు కబేళా గురించి మాట్లాడతాడు. పశువులను చంపడానికి వచ్చిన కొత్త గాలి తుపాకీకన్నా పాత సమ్మెట దెబ్బే మేలని వాదిస్తాడు. ప్రేక్షకుడు ఆ మాట విని వదిలేస్తాడు. తర్వాత పట్టపగలు, కిర్క్ అనే కుర్రాడు ఆ ఇంట్లోకి అడుగుపెడతాడు. లెదర్‌ఫేస్ ఎదురొచ్చి తలమీద సమ్మెటతో కొడతాడు. కాళ్లు కొట్టుకుంటాయి. మరో దెబ్బ. దేహాన్ని లోపలికి లాగేసి, ఇనుప తలుపును పక్కకు జరిపి ధడాలున మూసేస్తాడు. అంతా కొన్ని సెకన్లు. హెచ్చరించే సంగీతం లేదు, చీకటి లేదు, గాయం మీదికి వెళ్లే కెమెరా లేదు. మనిషిని పశువులా కొట్టారన్న సంగతి మనకు తట్టేసరికి తలుపు మూసి ఉంటుంది. నాట్యశాస్త్రంలో భరతుడు యుద్ధాన్ని, మరణాన్ని రంగం మీద ప్రత్యక్షంగా చూపకుండా ప్రవేశకాలతో, అంటే అంకాల మధ్య జరిగినది చెప్పే చిన్న దృశ్యాలతో, తెలియజేయమన్నాడు. ఆ నియమాన్ని మీరి దుర్యోధనుడి మరణాన్ని రంగం మీదే చూపిన భాసుడూ మనకున్నాడు కాబట్టి దాన్ని శాసనంగా పట్టుకోనక్కర్లేదు. దాని వెనుక ఉన్న ఎరుక మాత్రం గొప్పది. ముందు చెవిన పడిన మాట, ఆ తర్వాత కళ్లముందు జరిగేదానికి బలమిస్తుంది. వ్యానులో వినిపించిన సమ్మెట మాటే ఆ ఇంట్లో దెబ్బ అయింది.

ఇప్పుడు రీమేక్. రెండింటినీ పోల్చడానికి మనకొక అరుదైన సౌకర్యం ఉంది. రెండు సినిమాలకూ కెమెరామన్ ఒక్కరే, డేనియల్ పెర్ల్. 1974లో ఆయన చేతిలో ఉన్నది 16 ఎంఎం కెమెరా, టెక్సాస్ ఎండ, చాలీచాలని డబ్బు. 2003లో 95 లక్షల డాలర్ల బడ్జెట్, ఎంత కావాలంటే అంత దీపకాంతి. కాబట్టి పాతవాళ్లకు పనొచ్చు, కొత్తవాళ్లకు రాదు అని తేల్చేయడానికి వీల్లేదు. పనివాడు అదే, పని మారింది. రీమేక్‌లో వ్యాను ఎక్కిన అమ్మాయి తుపాకీ నోట్లో పెట్టుకుని కాల్చుకుంటుంది. కెమెరా వ్యాను లోపలి నుంచి వెనక్కి జరుగుతూ, ఆమె తలలో పడిన రంధ్రం గుండా, వెనుక అద్దంలో పడిన రంధ్రం గుండా బయటికి వస్తుంది. సాంకేతికంగా అబ్బురమే. కానీ ఆ క్షణంలో ప్రేక్షకుడి మనసులో మెదిలే ప్రశ్న "ఇదెలా తీశారు?" అన్నది. ఆ అమ్మాయి ఎవరు, దేనికంత భయపడింది అన్న ప్రశ్న వెనక్కి పోతుంది. కొక్కెం ఇక్కడా ఉంది. ఈసారి వేలాడేది కుర్రవాళ్లలో ఒకడైన ఆండీ. కాలు తెగడం చూపిస్తారు, ఆ గాయానికి ఉప్పు పట్టించడం చూపిస్తారు. తొట్టిని నింపే పని ప్రేక్షకుడికి ఏమీ మిగల్లేదు.

మన అలంకారశాస్త్రం భయానకాన్ని, బీభత్సాన్ని రెండు వేరు రసాలుగా లెక్కించింది. పత్రికల్లో బీభత్సమంటే తుపాను చేసే నష్టం అన్నంతగా ఆ మాట అరిగిపోయింది గానీ, దాని స్థాయీభావం, అంటే నిలకడగా ఉండే మూలభావం, జుగుప్స. భయానకానికి స్థాయీభావం భయం. భయపడినవాడు రాబోయేదాని వైపు కళ్లప్పగించి చూస్తాడు. జుగుప్స కలిగినవాడు ఉన్నదాని నుంచి ముఖం తిప్పుకుంటాడు. నిస్పెల్ సినిమా ఎన్నోచోట్ల మన ముఖం తిప్పిస్తుంది. మళ్లీ తిరిగి చూసేసరికి ఆ ఘట్టం అయిపోయి ఉంటుంది. అలాగని పాత సినిమాలో జుగుప్స లేదనడం అబద్ధం. పామ్ కాలు తట్టుకుని ఒక గదిలో పడుతుంది. నేలంతా ఈకలు, చుట్టూ ఎముకలు, ఎముకలతో చేసిన సామాను, ఇరుకు పంజరంలో వేలాడే కోడి. కడుపులో తిప్పే దృశ్యమే అది. అయితే అక్కడ అసహ్యం ముందొచ్చి భయానికి దారి వేస్తుంది, ఈ ఇంట్లో మనుషులు ఎలాంటివాళ్లో చెప్పి పక్కకు తప్పుకుంటుంది. జుగుప్స అక్కడ సంచారి, వచ్చి పోయే భావం. రీమేక్‌లో చాలాచోట్ల అదే స్థాయిగా కూర్చుంది. రక్తం ఎక్కువైందన్న ఫిర్యాదులో నాకు నిజంగా కనిపించేది ఈ మార్పే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. రక్తమాంసాలు చూపిస్తే భయం చస్తుందన్నది సూత్రమైతే, జాన్ కార్పెంటర్ 1982లో తీసిన 'ది థింగ్' మాటేమిటి? అదీ రీమేకే. 1951లో వచ్చిన సినిమాకు మూలమైన జాన్ కాంబెల్ కథనే మళ్లీ చెప్పింది. రాబ్ బాటిన్ చేసిన ఎఫెక్టుల్లో ఛాతీ నోరై తెరుచుకుంటుంది, తల ఊడి కాళ్లు మొలిపించుకుని నడుస్తుంది. నిస్పెల్ చూపించినదానికన్నా అది ఎన్నోరెట్లు ఎక్కువ. విడుదలైనప్పుడు విమర్శకులూ ప్రేక్షకులూ దాన్ని తిప్పికొట్టారు. ఇప్పుడు గొప్ప రీమేక్‌ల జాబితా వేసేవాళ్లెవరూ దాన్ని వదలరు. ఈ అభ్యంతరాన్ని నేను ఒప్పుకుంటున్నాను, అందుకే మొదటి మాటలో సగమే నిజమన్నాను. 'ది థింగ్'లో ప్రతి వికృత రూపమూ ఒక ప్రశ్నను మిగిల్చిపోతుంది: ఈ గదిలో ఇంకా మనిషిగా ఉన్నదెవరు? అందరి రక్తాన్నీ చిన్న పాత్రల్లో తీసి, కాల్చిన తీగను ఒక్కొక్కదానిలో ముంచే దృశ్యం అందులో పరాకాష్ఠ. అంత చూపించిన సినిమా కూడా మన ఊపిరిని బిగబట్టించేది తీగకూ రక్తానికీ మధ్య ఉన్న ఆ జానెడు ఖాళీలోనే. కాబట్టి కొలవాల్సింది రక్తం పాళ్లు కాదు. చూపించిన తర్వాత ప్రేక్షకుడికి ఊహించడానికి ఏమైనా మిగిలిందా అని చూడాలి.

రెండో అభ్యంతరం వయసుది. పాతదాన్ని మెచ్చుకునేవాళ్లు తమ యవ్వనాన్ని మెచ్చుకుంటున్నారని, 2003 నాటి కుర్రకారుకు మోతాదు పెంచక తప్పదని అంటారు. రీమేక్ వసూళ్లూ వాళ్ల పక్షానే ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా 10 కోట్ల డాలర్లు దాటాయి, విమర్శకుడు రోజర్ ఎబర్ట్ ఒక్క స్టారు కూడా ఇవ్వకపోయినా ఆ జోరు తగ్గలేదు. రీమేక్‌ను ముందు చూసి నిద్రపట్టక గడిపినవాళ్ల అనుభవాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. కానీ మోతాదు వాదం నిలవదు. నాలుగేళ్ల ముందే, 1999లో, 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' దయ్యాన్ని చూపించకుండానే అదే తరాన్ని వణికించి దాదాపు 25 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఇంకా దగ్గరి సాక్ష్యం రీమేక్‌లోనే ఉంది. దాన్ని ఇష్టపడేవాళ్లు మెచ్చుకునే పాత్ర ఆర్. లీ ఎర్మీ వేసిన షెరీఫ్ హోయ్ట్. అతను మోర్గాన్ అనే కుర్రాడిని వ్యానులో కూర్చోబెట్టి, చనిపోయిన అమ్మాయి ఎలా కాల్చుకుందో చేసి చూపించమంటాడు. తుపాకీ చేతికిచ్చి, దాన్ని నోట్లో పెట్టుకునేదాకా వదలడు. కాపాడాల్సిన చట్టమే ఆ ఇంటి మనిషని మనకు అనుమానం మొదలవుతుంది. ఆ దృశ్యంలో చుక్క రక్తం చిందదు. నా లెక్కలో ఆ సినిమా మొత్తానికి భయపెట్టే ఘట్టం అదే. నిస్పెల్‌కు ఆ విద్య తెలుసు. తెలిసీ దాన్ని పూర్తిగా నమ్ముకోలేదన్నదే నా ఫిర్యాదు.

ముగింపుల దగ్గర ఈ అపనమ్మకం ఇంకా బయటపడుతుంది. రీమేక్‌లో జెస్సికా బీల్ వేసిన ఎరిన్ లెదర్‌ఫేస్ చెయ్యి నరుకుతుంది, పసిబిడ్డను కాపాడుతుంది, షెరీఫ్‌ను కారుతో తొక్కించి వెళ్తుంది. ప్రేక్షకుడు పగ తీర్చుకుని హాలు బయటికి వస్తాడు. 1974లో మెరిలిన్ బర్న్స్ వేసిన శాలీ, ఒళ్లంతా రక్తంతో, దారిన పోయే ట్రక్కు వెనక ఎక్కి పడుతుంది. నవ్వుతుంది, ఏడుస్తుంది, ఏది ఏదో తెలియదు. వెనక పొద్దుపొడుపు వెలుగులో లెదర్‌ఫేస్ రంపం ఊపుతూ గింగిరాలు తిరుగుతుంటాడు. కాలికి తగిలిన గాయం తప్ప వాడికేమీ కాలేదు. అక్కడితో తెర చీకటైపోతుంది.

పెద్ద రక్తపాతం ఉన్న సినిమాల గురించి ఇప్పుడు మన దగ్గరా ఇదే వాదన నడుస్తోంది. గత ఏడాది రెండేళ్లలో 'ఎ' సర్టిఫికెట్‌తో వచ్చిన తెలుగు, మలయాళ చిత్రాల మీద "మరీ ఎక్కువైంది", "ఇంకా చూపించాల్సింది" అన్న రెండు మాటలే వినిపించాయి. రెండూ పాళ్ల లెక్కలే. 18 దాటి, ఇలాంటి సినిమాలు చూసే ఓపిక ఉన్న పాఠకులకు నా మనవి ఒకటే. 2003 నాటిది చూసే ముందు 1974 నాటిది చూడండి. 2024లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని భద్రపరచాల్సిన చిత్రాల జాబితాలో చేర్చింది. చూసిన మర్నాడు కొక్కెం దృశ్యాన్ని గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత ఆ దృశ్యాన్ని మళ్లీ పెట్టి, రాసినదాన్ని పక్కన ఉంచుకుని చూడండి.