మాట కలిపే పని

అరకు కొండల్లో కాఫీ పండ్లు కోసే రోజుల్లో పగలంతా తోటల్లోనే గడుస్తుంది. వాక్యం కోసం కూడేది చీకటి పడ్డాకే. ఒక ఇంటి అరుగు, పరిచిన చాప, ఒక తెలుగు బైబిలు, చుట్టూ పదిమంది. ఆ కూడిక నడిపే అన్న పనిలో ఎంత నేర్పు ఉందో పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

విత్తువాని ఉపమానం చదివాడంటే వెంటనే అర్థం చెప్పేయడు. ఒక్కో వచనం దగ్గర ఆగి, తెలుగు మాటను ఆదివాసీ ఒడియాలోకో, కొండ భాష కువిలోకో మారుస్తాడు. తర్వాత ఏటా చోళ్లు చల్లే అవ్వవైపు తిరుగుతాడు.

"అవ్వా, రాతినేల మీద పడ్డ గింజ ఏటవుతాది?"

"వాన పడగానే మొలుస్తాది బాబూ. ఎండ కాస్తే మాడిపోతాది. వేరు దిగదు కదా!"

ఉపమానం ఆ మాటతోనే విచ్చుకుంటుంది. చదువు రాని అవ్వే ఆ రాత్రికి గురువు.

ఇలా మాట కలిపే పని కొత్తదేమీ కాదు. తెలుగు కొత్త నిబంధన 1818లో సెరాంపూర్‌లో అచ్చయింది. సాలూరులో పనిచేసిన లూథరన్ మిషనరీ ఎఫ్.వి.పి. షుల్జ్ 1911లో కువి వ్యాకరణం ప్రచురించారు. కొండ మాటను చెవిపెట్టి వినడం అప్పుడూ ముఖ్యమే, ఇప్పుడూ ముఖ్యమే.

కూడిక నడిపేవాడు ఎక్కువ మాట్లాడేవారిని నొప్పించకుండా ఆపాలి. బిడియపడేవారు నోరు విప్పేదాకా ఓపిక పట్టాలి. తెలియనిది ఎదురైతే "పాస్టరుగారిని అడిగి చెబుతాను" అనాలి. ఇవన్నీ ఏళ్లతరబడి కూర్చుంటేనే అబ్బుతాయి.

ప్రార్థన ముగిశాక, టార్చిలైటు వెలుగులో ఇళ్లకు వెళ్లేవాళ్లు దారంతా ఆ గింజ గురించే మాట్లాడుకుంటారు. అదే ఆ అన్న కూలి.