సుత్తి దెబ్బను వినిపించే గురువులు

1967 డిసెంబరు 15న అమెరికాలో ఒహాయో నదిపై సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయారు. కారణం ఒకే ఒక్క ఉక్కు కడ్డీలో పుట్టిన చిన్న పగులు. ఆ తర్వాతే వంతెనల తనిఖీకి అక్కడ దేశమంతటా ఒకే ప్రమాణాలు వచ్చాయి. వంతెనలు తనిఖీ చేసేవారికీ శిక్షణనిచ్చే నేషనల్ హైవే ఇన్‌స్టిట్యూట్ 1970లో ఏర్పడింది.

తనిఖీలో కంటితో పాటు చెవికీ పనుంది. కాంక్రీటును సుత్తితో కొడితే గట్టిచోట ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన చోట డొల్లగా పలుకుతుంది. వంతెన పైభాగం మీదైతే గొలుసులు ఈడుస్తూ వింటారు. ఈ తేడా పుస్తకం చదివితే పట్టుబడదు, పక్కన నిలబడి వినిపించేవారు కావాలి.

అలా నేర్పే బోధకులకూ నేషనల్ హైవే ఇన్‌స్టిట్యూట్ ధ్రువీకరణ పెట్టింది. ఇంజినీరుగా ఎంత అనుభవమున్నా సరిపోదు, పెద్దవాళ్లకు పాఠం చెప్పడం వచ్చని చూపాలి. ఎంత మంచి పట్టింపు! రేపు వంతెన కింద పగుళ్లు వెతకబోయే మనిషికి, సందేహాన్ని మొహమాటం లేకుండా అడిగే చనువిచ్చేది ఆ బోధకులే.