సాంచాల చప్పుళ్లో సినిమా

ముస్లింల గురించి సినిమాలు తీసినవాళ్లు ఈ దేశంలో తక్కువేం కాదు. నవాబు, తవాయిఫ్, ఖవ్వాలీ పాడే ఫకీరు, హీరో కోసం ప్రాణమిచ్చే స్నేహితుడు, చివరికి బాంబు పెట్టే టెర్రరిస్టు. తెర మీద మాకు దక్కిన వేషాలివి. వీళ్లలో సాంచా నడిపేవాడెక్కడ? పంక్చర్లు వేసేవాడెక్కడ? పన్నెండు గంటలు నిలబడి దారాలు అతికేవాడు సినిమా చూడ్డానికే పుట్టాడు తప్ప తీయడానికి కాదని అందరూ అనుకున్నారు. మేమూ అట్లాగే నమ్మి ఊరుకున్నాం. మహారాష్ట్ర నాసిక్ జిల్లా మాలెగావ్ కుర్రాళ్లు మాత్రం నమ్మలేదు.

మాలెగావ్ మరమగ్గాల ఊరు. 1857 తిరుగుబాటు తర్వాత బతుకుదెరువు కోసం ఉత్తరాది నుంచి దిగివచ్చిన మోమిన్ నేతగాళ్లు పెంచిన ఊరు. మాలోని పై కులాలు ‘జులాహా’ అని ఈసడించిన మనుషులు వీళ్లు. మోసమ్ నదికి ఒక పక్క ముస్లింలు, మరో పక్క హిందువులు. సిరిసిల్ల, భివండీ, షోలాపూర్ సాంచాల మోత ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ ఊరిని వేరే వర్ణించక్కర్లేదు. జుమ్మా రోజు సాంచాలు ఆగుతాయి. చేతిలో నాలుగు డబ్బులున్న కార్మికుడు ఆ రోజు సినిమాకి పోతాడు. వారమంతా చెవుల్లో నిండిన మోతకి అదొక్కటే మందు.

ఈ ఊళ్లో వీడియో పార్లర్ నడిపిన షేక్ నాసిర్ 2000లో ‘మాలెగావ్ కే షోలే’ తీశాడు. ఖర్చు యాభైవేల రూపాయల చిల్లర. నటులు ఊరివాళ్లే. కెమెరా పెళ్లిళ్లు తీసే వీడియో కెమెరా. ట్రాలీ కావాలంటే సైకిల్, క్రేన్ కావాలంటే ఎడ్లబండి. నాసిర్ ఏ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ గడపా తొక్కలేదు. పార్లర్లో పగలూ రాత్రీ సినిమాలు చూశాడు. జనం ఎక్కడ ఈల వేస్తారో, ఎక్కడ లేచి బయటికి పోతారో గమనించాడు. వీడియో క్యాసెట్ల మీద ముక్కలు కోసి అతకడం నేర్చుకున్నాడు. పెళ్లి వీడియోలు తీసి చెయ్యి తిప్పుకున్నాడు. మా పిల్లలు చదివే కాలేజీ ఇదే. మెకానిక్ షెడ్‌లో, దర్జీ దుకాణంలో ఉస్తాదు పక్కన నిలబడి పని నేర్చినట్టే వీళ్లు సినిమా నేర్చారు. దీన్ని చదువు కాదనేవాళ్లకి మా బతుకులే అర్థం కాలేదని చెప్పాలి.

‘షోలే’ని కాపీ కొట్టడం సృజన ఎట్లా అవుతుందని విమర్శకులు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. అనుకరణ లేకుండా ఏ కళాకారుడూ మొదలవ్వడు. ఖవ్వాలీ నేర్చే పిల్లాడూ ముందు ఉస్తాదు గొంతునే పట్టుకుంటాడు. పైగా ఇక్కడ హీరో ముఖం మారింది, మాట మారింది, వీధి మారింది. ప్రేక్షకుడు తన పక్కింటివాడినే తెరమీద చూసి నవ్వాడు. బొంబాయి కథని తన మొహల్లా సైజుకి కత్తిరించి కుట్టుకోవడం కూడా ఒక తిరగబడటమే.

ఫైజా అహ్మద్ ఖాన్ 2008లో తీసిన ‘సూపర్‌మెన్ ఆఫ్ మాలెగావ్’ డాక్యుమెంటరీ ఈ పనినంతా దగ్గరుండి చూపించింది. నాసిర్ బృందం ‘మాలెగావ్ కా సూపర్‌మన్’ తీస్తున్న రోజులవి. సూపర్‌మన్ వేషం షఫీక్‌ది. సాంచా కార్మికుడు, బక్కపల్చని మనిషి. పచ్చగుడ్డ ముందు అతన్ని తీసి కంప్యూటర్లో ఆకాశం అతికిస్తారు. మధ్యలో కెమెరా నీళ్లలో పడుతుంది. మళ్లీ మొదలుపెడతారు. మురికిని ప్రేమించే విలన్‌తో ఈ సూపర్‌మన్ పోరాటం. అమెరికా సూపర్‌మన్ లోకాన్ని కాపాడితే మావాడు మురిక్కాలవల నుంచి ఊరిని కాపాడాలి. నోటి క్యాన్సర్‌తో షఫీక్ 2011లో చనిపోయాడు. ఆ డాక్యుమెంటరీ 2012లో దేశంలోని థియేటర్లకి వచ్చింది. హాళ్లలో జనం అతన్ని చూసి నవ్వే వేళకి అతను లేడు.

ఈ నవ్వు గురించే సెక్యులర్ మిత్రులతో మాట్లాడాలి. మీరు ఎవరితో కలిసి నవ్వుతున్నారు, ఎవరిని చూసి నవ్వుతున్నారు? మాలెగావ్‌లో నవ్వినవాళ్లకి ఆ చొక్కా చెమట వాసన తెలుసు. మల్టీప్లెక్స్‌లో ‘పాపం, ఎంత అమాయకులో’ అని ముచ్చటపడేవాళ్లకి తెలియదు. పేద ముస్లిం తెలివినంతా అమాయకత్వం ఖాతాలో రాసేయడం కూడా ఒక చిన్నచూపే. ఫైజా కెమెరా ఆ పని చెయ్యలేదు. అది వాళ్ల మాట వింటుంది. బొంబాయి పిలుపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే రచయిత ఫరోగ్ మొహంలోని అలసటని దాచదు.

2006లో, 2008లో మాలెగావ్‌లో బాంబులు పేలాయి. 2006 కేసులో ముస్లింలనే పట్టుకుపోయారు. వాళ్లకి కేసు నుంచి విముక్తి దొరికేసరికి 2016 వచ్చింది. దేశానికి మాలెగావ్ అంటే పేలుళ్లే. ఆ పేరు పక్కన సినిమా అనే మాట చేర్చింది ప్రభుత్వమూ కాదు, పత్రికలూ కాదు. ఈ కుర్రాళ్లే చేర్చారు. అస్తిత్వం గురించి మేం రాసే పేజీల కన్నా ఈ పని ఏ విధంగానూ తక్కువది కాదు.

2024లో రీమా కాగ్తీ దర్శకత్వంలో ‘సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలెగావ్’ వచ్చింది. టొరంటో పండుగలో ఆడి, 2025 ఫిబ్రవరిలో థియేటర్లకొచ్చింది. మంచి సినిమా. సొంత కథ రాయాలనే రచయితకీ, జనం నవ్వే పేరడీ చాలనే దర్శకుడికీ మధ్య తగాదాని నిజాయితీగా పట్టుకుంది. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. మాలెగావ్ కథని పెద్ద కంపెనీ చెప్పగలిగింది. మాలెగావ్ మనిషికి ఆ కంపెనీ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది? మా కథలకి గిరాకీ ఉంది, మా చేతులకి లేదు.

హైదరాబాద్‌కీ ఇలాంటి అవకాశం వచ్చింది. 2005లో ‘ది అంగ్రేజ్’, 2006లో ‘హైదరాబాద్ నవాబ్స్’ చిన్న ఖర్చుతో వచ్చి ఆడాయి. మా దక్కనీ మాట తెరమీద వినపడగానే ఒళ్లు పులకరించింది. కానీ వాటిలో పాతబస్తీ అంటే పనీపాటా లేని పోరగాళ్ల కబుర్లే ఎక్కువ. గాజుల కొలిమి ముందు కూచునే పిల్లాడు, జర్దోజీ మగ్గం మీద కళ్లు పోగొట్టుకునే ఆపా ఆ నవ్వుల్లో కనిపించరు.

ఇక మా ఇంటి మాట. నాసిర్ సినిమాల్లో హీరోయిన్ వేషానికి బయటి ఊరి నుంచి అమ్మాయిని తెచ్చుకోవాల్సి వచ్చింది. ఊళ్లో ఆడవాళ్లు నటించరు, నటించనివ్వరు. సమాజం మమ్మల్ని తెర బయట నిలబెట్టిందని గొంతు చించుకునే మేము, మా అక్కచెల్లెళ్లని ఎక్కడ నిలబెట్టాం? ఈ ప్రశ్నని ముస్లిం మగవాళ్లు దాటవేసినంతకాలం మా సినిమా సగం సినిమానే. ఫైజా కెమెరా పట్టుకుంది కాబట్టే మాలెగావ్ కథ లోకానికి తెలిసిందని గుర్తుపెట్టుకోవాలి.

ఈరోజు సెల్‌ఫోన్‌లో కెమెరా ఉంది. ఎడ్లబండి క్రేన్ అక్కర్లేదు. కావాల్సింది తీరిక, తిండి, పదిమంది కూచుని చూసే చోటు. షాదీఖానాలకి చందాలిచ్చే మా పెద్దలు ఒక ఎడిటింగ్ గదికి ఇవ్వలేరా? సెక్యులర్ సంఘాలు మా మీద సభలు పెట్టే బదులు మా పిల్లల సినిమాలకి ఒక తెర కట్టలేవా? పేరడీతో మొదలైన చెయ్యి సొంత కథ చెప్పేదాకా దానికి అన్నం పెట్టాలి. ఆ కథలో మేము మాకే కొత్తగా కనిపించవచ్చు. కొన్నిచోట్ల నచ్చకపోవచ్చు కూడా. అప్పుడు కూడా ఆ చెయ్యి విరవకుండా ఉండటం మా బాధ్యత.