అభిమాని తీర్పు: క్లాసిక్, కల్ట్ అన్న మాటల మధ్య కొన్ని తెలుగు చిత్రాలు

తెలుగు శాఖల్లో చలనచిత్రం మీద జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం చలనచిత్ర సాహిత్యం మీద జరిగిన పరిశోధనే. పాటల్లో అలంకారాలు, సంభాషణల్లో జాతీయాలు, పౌరాణిక చిత్రాల్లో మూలవిధేయత మనకు బాగా పరిచితమైన శీర్షికలు. వాటి ప్రయోజనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పింగళి నాగేంద్రరావును, దేవులపల్లి కృష్ణశాస్త్రిని తెలుగువారు శ్రద్ధగా చదవకపోతే ఇంకెవరు చదువుతారు? అయితే ఈ పద్ధతికి రెండు పరిమితులున్నాయి. తెర మీద మాట ఆగిన చోట మన విమర్శ కూడా ఆగిపోతుంది. ఎన్నుకున్న చిత్రం గొప్పదన్న నిర్ణయం పరిశోధన మొదలుకాకముందే జరిగిపోయి ఉంటుంది.

ఆ నిర్ణయాన్ని ఇప్పుడు రెండు మాటలు మోస్తున్నాయి: క్లాసిక్, కల్ట్. మొదటిది ప్రాచీన రోములో పై తరగతి పౌరులను సూచించిన లాటిన్ మాట నుంచి వచ్చింది. రెండోది ఆరాధనను సూచించే మాట నుంచి వచ్చింది. మన పరిభాషలో చెప్పాలంటే ఒకటి శిష్టాంగీకారం, మరొకటి ఉపాసన. శిష్టులు అంగీకరించిన దాన్ని పరీక్షించడం ధిక్కారంగానూ, జనం ఉపాసించేదాన్ని పరీక్షించడం వృథాశ్రమగానూ మనకు కనిపిస్తుంది. రెండు వైపులా పరీక్ష తప్పిపోతున్నది.

నేను సినిమా అభిమానిని. ఈ వ్యాసాన్ని ఆ హోదాతోనే రాస్తున్నాను. అభిమానం విమర్శకుడికి తగదన్న వాదాన్ని నేను ఒప్పుకోను. భోజుడు శృంగారప్రకాశంలో అభిమానాన్ని అహంకార, శృంగారాలకు పర్యాయంగా గ్రహించి రసానికి మూలంగా నిలిపాడు. అభిమానం లేనివాడికి రసం అందదు. అలాగని అభిమానం తీర్పుకు అడ్డం రానక్కరలేదు. క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చలో అనౌచిత్యానికి ఉదాహరణలు వెతుకుతూ కాళిదాసును కూడా వదిలిపెట్టలేదు. కాళిదాసుకు దానివల్ల ఏ లోటూ రాలేదు. మన కాలంలో కొడవటిగంటి కుటుంబరావు సినిమా వ్యాసాల్లో అదే నిర్మొహమాటం కనిపిస్తుంది. నేను పదేపదే చూసిన కొన్ని చిత్రాలను ఆ ధైర్యంతో ఇక్కడ పరిశీలిస్తాను.

ప్రియదర్శిని, సత్యపీఠం

‘మాయాబజార్’ (1957) తెలుగులో క్లాసిక్కులకు క్లాసిక్ అని ప్రసిద్ధి. నా అభిప్రాయంలో అది ముందుగా ఒక కల్ట్ చిత్రం. మనం దాన్ని సమగ్రంగా చూడటం ఎప్పుడో మానేశాం. ఘట్టాలుగా, మాటలుగా, పాటలుగా స్మరిస్తున్నాం. ‘అస్మదీయులు’, ‘తస్మదీయులు’, ‘వీరతాడు’, ‘దుష్టచతుష్టయం’ అన్న మాటలు చిత్రాన్ని దాటి నిత్యవ్యవహారంలోకి వెళ్లాయి. ఉపాసనకు మంత్రాలు చాలు, గ్రంథం మొత్తం అవసరం లేదు.

ఆ మాటలనే కొంచెం లోతుగా చూద్దాం. మగపెళ్లివారి విడిదిలో ఘటోత్కచుడి పరివారం అమర్చిన వస్తువులు ‘గింబళి’, ‘గిల్పం’. వీటిని పింగళివారి చమత్కారంగా మెచ్చుకుని వదిలేయడం పరిపాటి. నిజానికి ఇవి తెలుగులోని ప్రతిధ్వని పదాల నిర్మాణాన్ని అనుసరించినవి. పుస్తకం గిస్తకం, పని గిని అన్నప్పుడు రెండో మాటకు స్వతంత్రమైన అర్థం ఉండదు; ‘అలాంటివి’ అన్న స్ఫురణ మాత్రమే ఉంటుంది. పింగళి ఆ రెండో మాటను మొదటిదాని నుంచి విడదీసి దానికి ఒక వస్తువును ఇచ్చాడు. కంబళిలా కనిపించి కంబళి కానిది గింబళి; తల్పంలా కనిపించి తల్పం కానిది గిల్పం. భాషలో నీడగా ఉన్నది చిత్రంలో వస్తువై కూర్చుని దాని మీద కాలుపెట్టినవాడిని పీడిస్తుంది. చిత్రం పేరులోని మాయకు ఇంతకంటే సూటిగా వ్యాకరణరూపం ఇవ్వడం సాధ్యం కాదు. ఇక్కడ పదసృష్టి అలంకారంగా మిగిలిపోలేదు, ఇతివృత్తంలో భాగమైంది.

అయినా ఈ చిత్రం గొప్పతనం మాటల్లోనే ఉందని నేను నమ్మను. కథలో రెండు అద్భుత వస్తువులున్నాయి. ఒకటి ప్రియదర్శిని: తెరిచి చూసినవారికి వారి ప్రియవస్తువును చూపే పేటిక. అందులో శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని. రెండోది సత్యపీఠం: దాని మీద నిలబడినవాడి నోట నిజం పలికిస్తుంది. కథ మొదట్లో బొమ్మ నిజం చెబుతుంది, చివర మాట నిజం చెబుతుంది. పేటికలో కదిలే బొమ్మ సినిమాకు ప్రతిరూపం. పీఠమెక్కి పలకడం రంగస్థలానికి ప్రతిరూపం. శశిరేఖాపరిణయ కథ వ్యాసభారతంలో లేదు. జనశ్రుతిలోనూ నాటకరంగం మీదా పెరిగి తెరకు వచ్చింది. కె.వి. రెడ్డి ఆ రెండు మాధ్యమాలనూ కథలోనే పక్కపక్కన పెట్టాడు. సత్యపీఠం మీద శకుని పలికినదంతా మన విమర్శకు తెలుసు. కృష్ణుడి పేటికలో శకుని ఎందుకు కనిపించాడన్న ప్రశ్నను మాత్రం చిరునవ్వుతో దాటవేస్తున్నాం. పాండవులు ఒక్కసారైనా కనిపించని ఈ భారతకథలో యుద్ధం దిశగా సాగుతున్న వ్యూహమంతా ఆ ఒక్క బొమ్మలో ఉంది.

ఒకసారి తరగతిలో మాయాశశిరేఖ ఘట్టాన్ని శబ్దం పూర్తిగా ఆపి చూపించాను. సావిత్రి భుజాలు ఎగరేసే తీరు, అడుగు వేయబోయి సర్దుకునే తీరు చూసి, కథ తెలియని విద్యార్థులు సైతం ఆ ఆడపిల్లలో ఎవరో మగవాడు దాగి ఉన్నాడని గుర్తుపట్టారు. ఎస్.వి. రంగారావు నడకను ఆమె అనుకరించలేదు, గుర్తుచేసింది. ఈ భేదాన్ని వివరించే పరిభాష మన ఆంగికాభినయ చర్చల్లో ఉంది. దాన్ని తెర మీదికి తీసుకురావడంలో మనం బద్ధకించాం.

ఇక లోపాలు. ఘటోత్కచుడు కార్యభారం మీద వేసుకున్న తర్వాత అభిమన్యుడికి చేయడానికి పనేమీ మిగలదు. వీరుడిగా పరిచయమైన నాయకుడు పెళ్లి కోసం ఎదురుచూసే అతిథిగా మారిపోతాడు. విడిదిలోని హాస్యం అవసరానికి మించి సాగుతుంది. చిన్నమయ బృందం సన్నివేశాలు కొన్ని తొలగించినా కథకు నష్టం లేదు. ఉపాసకులకు ఈ మాట రుచించదని తెలుసు. ఇంకొక మాట కూడా రుచించదు: 2010లో ఈ చిత్రానికి రంగులు అద్దడం ఒక విమర్శాదోషం. మార్కస్ బార్ట్‌లే వెన్నెలను తెలుపు నలుపుల మధ్య మెట్లుమెట్లుగా నిర్మించాడు. పడవపాటలో ఒకే నీటి మీద మూడు జంటలు మారుతున్నప్పుడు కంటికి అందే ఏకత్వం ఆ వెలుగు వల్లనే వచ్చింది. రంగు వచ్చేసరికి చూపు చీరల మీదికీ నగల మీదికీ చెదిరిపోయింది. కొత్త తరాన్ని థియేటరుకు రప్పించిందన్న వాదన నిజమే. ఏ చిత్రానికి రప్పించిందన్నది వేరే ప్రశ్న.

పల్లకీ పంపిన చేయి

బి.ఎన్. రెడ్డి ‘మల్లీశ్వరి’ (1951) శిల్పసౌష్ఠవంలో ‘మాయాబజార్’ కంటే మెరుగైనదని నా నిశ్చయం. కృష్ణశాస్త్రి కథనూ మాటలనూ పాటలనూ సమకూర్చిన ఈ చిత్రంలో వదులుగా ఉన్న సన్నివేశం కనిపించదు. వానకు తలదాచుకున్న పాడుబడిన గుడిలో నాగరాజు అపరిచితుడైన రాయలతో మల్లికి పల్లకీ పంపమని వేళాకోళానికి అంటాడు. ఆ పల్లకీ నిజంగానే వస్తుంది, అతడు ఊళ్లో లేనప్పుడు. హాస్యంగా నాటిన బీజం విషాదఫలంగా పరిణమించడం నాటకశిల్పానికి పాఠ్యోదాహరణ.

ఇంత మెచ్చుకుంటూనే ఒక అసంతృప్తిని చెప్పక తప్పదు. కథకు ఆధారాల్లో ఒకటైన బుచ్చిబాబు నాటిక పేరు ‘రాయలవారి కరుణకృత్యం’. ఆ పేరులో వ్యంగ్యానికి అవకాశముంది. రాజు చివర చేసిన కరుణ, తన పల్లకీ చేసిన అన్యాయాన్ని వెనక్కి తీసుకోవడమే కదా. రాణివాసపు నియమం పెట్టినదీ ఆ చేయే, క్షమించినదీ ఆ చేయే. చిత్రం ఈ ప్రశ్న అంచుదాకా వెళ్లి, రాయల ఔదార్యం ముందు తల వంచి ఆగిపోతుంది. ప్రబంధయుగం మీద మన శాఖలకున్న భక్తి కూడా ఆ అంచు దాటనివ్వలేదేమో. మల్లి తల్లికి బంగారం మీదున్న ఆశను దుయ్యబట్టిన విమర్శ, ఆ బంగారం పంపినవాడిని ప్రశ్నించగా నేను చూడలేదు.

‘దేవదాసు’ (1953) విషయంలో నా మాట క్లుప్తం. శరత్ నవలలోని నాయకుడి బలహీనతను రచయిత నిర్దాక్షిణ్యంగా చూశాడు. చిత్రం దాన్ని పాటల మాధుర్యంలో ముంచి త్యాగంగా మార్చింది. సావిత్రి పార్వతి మాత్రం ఆ మాధుర్యానికి లొంగలేదు. అందుకే ఆ చిత్రాన్ని ఇప్పటికీ ఆమె కోసం చూస్తాను.

పాదాల దగ్గర తులసి

‘శంకరాభరణం’ (1980) గురించి రాయడం ఇంకా కష్టం. అది చాలామందికి చిత్రం కంటే ఎక్కువ. శాస్త్రీయ సంగీతాన్ని సామాన్య ప్రేక్షకుడి నాలుక మీదికి తెచ్చిన ఘనత కె. విశ్వనాథ్‌కు, కె.వి. మహదేవన్‌కు, వేటూరికి దక్కుతుంది. జె.వి. సోమయాజులు మౌనంగా కూర్చున్నప్పుడు తెర నిండిపోతుంది. అయితే చిత్రం వాదించే విషయాన్ని వాదనగానే పరీక్షించాలి. సంగీతానికి కులం లేదని చెప్పడానికి శంకరశాస్త్రి ఊరి బహిష్కారాన్ని భరిస్తాడు. ఆ సూత్రానికి అసలు మూల్యం చెల్లించింది తులసి. ఆమెకు కళ ఉంది, స్వరం లేదు. ఆమె పాండిత్యం కొడుకు ద్వారానే సభకెక్కాలి, చివరకు ఆమె గురువు పాదాల దగ్గరే ప్రాణం విడవాలి. మంజుభార్గవి ముఖంలోని నిగ్రహం ఈ అమరికను ఎంత అందంగా నిలబెట్టిందంటే, దానిలోని అసమానత మనకు సౌందర్యంగానే తోస్తుంది. పాశ్చాత్య సంగీతం వాయించే కుర్రకారుతో శాస్త్రి తలపడే ఘట్టం కూడా నాకు బలహీనంగా కనిపిస్తుంది. ప్రతివాదిని అంత చులకనగా నిలబెట్టి గెలిచే గెలుపు గెలుపు కాదు.

సైకిల్ చైను

రామ్‌గోపాల్ వర్మ ‘శివ’ (1989)ను యువతరం కల్ట్ అంటుంది. నా లెక్కలో అది క్లాసిక్. మితత్వం, కార్యకారణాల బిగువు, అనంతర రచనలకు లక్ష్యంగా నిలవడం మన లాక్షణికులు ఉత్తమ కావ్యంలో చూసిన గుణాలు. అవి ఇందులో ఉన్నాయి. కళాశాల గొడవలో సైకిల్ చైను తెంచిన క్షణం నుంచి ప్రతి సంఘటన ముందుదాని ఫలితం. ఆ తర్వాత వచ్చిన చిత్రాలు చైనును అనుకరించాయి, ఆ కార్యకారణ బంధాన్ని అనుకరించలేకపోయాయి.

ఇందులో మన పద్ధతికి దొరికే సాహిత్యం తక్కువ. తనికెళ్ల భరణి రాసిన మాటలు పొట్టివి, వాడుకలోవి. రఘువరన్ పోషించిన భవాని గొంతు పెంచడు. అంతకుముందు తెలుగు ప్రతినాయకుడు వాచికం మీద బతికాడు. నేపాళ మాంత్రికుడి నుంచి ఆ సంప్రదాయం ఘనమైనది. భవాని దాన్ని నిశ్శబ్దంతో తిరగరాశాడు. అన్న కూతురిని సైకిల్ మీద ఎక్కించుకుని శివ సందుల్లో పారిపోయే ఘట్టంలో భయాన్ని మోసేది కెమెరా కదలిక, శబ్దం, ఇళ్ల గోడల మధ్య ఇరుకుదనం. దర్శకుడు సాహిత్యం నుంచో నాటకం నుంచో రాలేదు. వీడియో లైబ్రరీ నడిపి, సినిమాలు చూసి సినిమా నేర్చుకున్నాడు. ఆ చదువు ఎలాంటిదో ఆ ఘట్టం చెబుతుంది. దాన్ని వివరించాలంటే మనకు శబ్దశాస్త్రంలోని శబ్దం కాక మరొక శబ్దం వినిపించాలి.

లోపాలు ఇక్కడా ఉన్నాయి. పాటలు కథను పక్కకు నెట్టి నిలబడతాయి. అమల పోషించిన ఆశ పాత్ర శివకు సాక్షిగానే మిగిలిపోయింది. గూండా వెనుక మాచిరాజు లాంటి నాయకుడున్నాడని తెలిసినా, చిత్రం ఆ వ్యవస్థను వదిలి ఒక మనిషి మీద మరొక మనిషి గెలుపుగా ముగుస్తుంది.

2022 ఆగస్టులో ‘పోకిరి’ పునర్విడుదల తర్వాత పాత చిత్రాలను హాళ్లలో సామూహికంగా పఠించడం ఒక ఆచారమైంది. తెర కంటే ముందే ప్రేక్షకులు మాట పలుకుతారు. మౌఖిక సంప్రదాయాలను అధ్యయనం చేసే పరిశోధకులు ఆ హాలుకు వెళ్లవలసిన అవసరం ఉంది. హరికథలోనూ వీధినాటకంలోనూ మనం గుర్తించిన శ్రోతృభాగస్వామ్యం అక్కడ కొత్త రూపంలో కనబడుతున్నది.

చివరగా, తీర్పు చెప్పలేకపోతున్న చిత్రం ఒకటి నా దగ్గర ఉంది: జంధ్యాల ‘చంటబ్బాయ్’ (1986). మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా తీసిన ఈ చిత్రానికి టీవీ తెర మీదే అసలైన ఉపాసకులు ఏర్పడ్డారు. వారిలో నేనూ ఒకణ్ణి. తాను రాసిన కవితలనూ తాను కనిపెట్టిన వంటకాలనూ ఒక పత్రికా సంపాదకుడి మీద ప్రయోగించే రచయిత్రిగా శ్రీలక్ష్మి కనిపించిన ప్రతిసారీ నాకు నవ్వు ఆగదు. ఆ నవ్వుకు లక్ష్యం రాయాలనుకున్న ఒక గృహిణి అని తెలుసు. వచనకవిత్వం మీద ఆనాటి సామాన్య పాఠకుడికున్న కసి అంతా ఆమె నెత్తిన పడిందనీ తెలుసు. స్త్రీల రచన మీద పాఠం చెప్పిన రోజు సాయంత్రం ఆ సన్నివేశం మళ్లీ చూశాను. మళ్లీ నవ్వాను.