ఊరికే ఉండటం వచ్చా?

15 మీటర్ల లోతున ఒక డైవర్ మాస్క్ తీసేశాడు. కళ్ళనిండా ఉప్పునీళ్ళు. రెండు చేతులూ మాస్క్ సర్దుకునే పనిలోనే ఉన్నాయి. అయినా మనిషి జానెడు పైకి పోలేదు, జానెడు కిందికి జారలేదు. పరుపు మీద బోర్లా పడుకున్నట్టు అడ్డంగా, మోకాళ్ళు మడిచి, ఫిన్స్ పైకెత్తి అలాగే ఉన్నాడు. మాస్క్ పెట్టుకుని ముక్కుతో గాలి ఊదితే లోపలి నీళ్ళు కింది అంచు నుంచి బయటికి పోయాయి. అడుగున ఇసుక రేణువు కదల్లేదు. సముద్రంలో నేను చూసిన అందాల్లో ఇదే మొదటిది. తాబేళ్ళూ సొరచేపలూ దీని తర్వాతే.

ఇది ఊపిరితో చేసే పని. గాలి లోపలికి పీలిస్తే మనిషి వెంటనే లేవడు, ఒక క్షణం ఆగి లేస్తాడు. వదిలితే అంతే ఆలస్యంగా దిగుతాడు. ఆ ఆలస్యాన్ని ముందే పసిగట్టి, ఒళ్ళు లేవక మునుపే ఊపిరి వదలడం మొదలెట్టాలి. తంబుర శ్రుతి చేసేవాడి చెవిలాంటిది ఆ ఒడుపు. దీనికి తోడు ఒంటిమీద గాలి నింపుకునే బీసీడీ జాకెట్టు ఉంది. 10 మీటర్లు దిగేసరికి ఒత్తిడి రెట్టింపై అందులోని గాలి సగానికి నలిగిపోతుంది. పైకి వస్తుంటే అదే ఉబ్బి మనిషిని ఇంకా పైకి ఈడుస్తుంది. నడుముకు సీసం ఎంత ఎక్కువ కడితే జాకెట్టులో అంత గాలి నింపాలి, మనిషి అంత తూలుతాడు. మరి కొత్తవాళ్ళకి అంతంత సీసం ఎందుకు కడతారు? అడుగున మోకాళ్ళ మీద కూలబడి కదలకుండా ఉంటారని! అలా ఎనిమిది మందిని వరసగా కూర్చోబెడితే పాఠం చెప్పడం సులువు. కాకపోతే అది డైవింగ్ కాదు.

నా మొదటి డైవింగ్ అర్హత కార్డు అలాగే వచ్చింది. ఒక దీవిలో మూడున్నర రోజులు, నాలుగు సముద్ర డైవ్‌లు. ప్రతి విద్యా మోకాళ్ళ మీదే. 18 మీటర్లకు దిగే అర్హత ఉందని కార్డు చెప్పింది. మరుసటి ఏడాది ఎన్నేళ్ళకు పెరిగిందో తెలియని పగడపు కొమ్మ ఒకటి నా ఫిన్ తగిలి విరిగింది. ఆ చప్పుడు నీళ్ళలో ఎంత స్పష్టంగా వినిపిస్తుందో!

ఈ కార్డులిచ్చే సంస్థల వంశవృక్షం పెద్దది. కూస్టో, గాన్యాన్ 1943లో నీటి ఊపిరికి పనికొచ్చే రెగ్యులేటర్ తెచ్చాక 1953లో బ్రిటన్‌లో బీసాక్, 1959లో కూస్టోయే తొలి అధ్యక్షుడిగా సీమాస్, అమెరికాలో 1960లో నౌయి, 1966లో పాడి, 1970లో ఎస్ఎస్ఐ పుట్టుకొచ్చాయి. పాడి పేరుకు తగ్గట్టే పితుకుతుందని గిట్టనివాళ్ళ ఎకసెక్కం. నేనూ అనేవాణ్ణే. న్యాయంగా చెప్పాలంటే ప్రపంచంలో ఇంతమందికి నీటిలోపలి లోకం చూపించింది ఆ సంస్థే. పదేళ్ళ పైచిలుకు కిందటే తన తొలి కోర్సులో తేలుతూ ఉండటానికి పెద్దపీట వేసింది కూడా.

పెద్ద సంస్థల తొలి కోర్సుల కనీస ప్రమాణాలు కాగితం మీద దాదాపు ఒక్కటే. అందుకే "ఏజెన్సీ ఏదైతేనేం, గురువు ముఖ్యం" అంటారు. నాకు ఆ మాట సగమే రుచిస్తుంది. గురువుకి "నీకింకా రాలేదు" అనే చేవ ఇచ్చేది సంస్థే కదా! నౌయి తన ఇన్‌స్ట్రక్టర్‌ని, నీ ఇంటి మనిషిని ఈ శిష్యుడితో నీళ్ళలోకి పంపిస్తావా అని అడుగుతుంది. కనీసానికి మించి నేర్పి, అది వస్తేనే కార్డు ఇచ్చే స్వేచ్ఛా ఇస్తుంది. పాడిలో పుస్తకంలో ఉన్న పరీక్షలన్నీ దాటినవాడికి, ఇన్‌స్ట్రక్టర్ తనకు తోచిన మరో పరీక్ష పెట్టి కార్డు ఆపలేడు.

నా పక్షపాతం జీయూఈ మీద. దాచుకోను. 1998లో జారడ్ జబ్లాన్‌స్కీ పెట్టిన సంస్థ అది. పుట్టుక ఫ్లోరిడా గుహల్లోది. గుహల్లో పోయినవాళ్ళ కథలను షెక్ ఎక్స్‌లీ అనే గుహ డైవర్ కూర్చి చదివి, దారి చూపే దారం వదలొద్దు, గాలిలో మూడోవంతు మించి లోపలికి వెళ్ళడానికి వాడొద్దు అని 1979లో రాసిపెట్టిన నేల. 2007లో జబ్లాన్‌స్కీ, కేసీ మెకిన్లీ కలిసి అక్కడి టర్నర్ సింక్ గుంటలో దిగి సుమారు 11 కిలోమీటర్లు, దాదాపు 90 మీటర్ల లోతున నీటి స్కూటర్లతో సాగి వకల్లా ఊటలో తేలారు. ఆ చీకట్లో ఒక్క తప్పు ఫిన్ దెబ్బకి బురద లేస్తే చెయ్యి కూడా కనపడదు. అందుకే వాళ్ళ ఫండమెంటల్స్ కోర్సులో ముందు కాళ్ళు కట్టడి చేస్తారు. కప్పలా తన్నడం, ఉన్నచోటే తిరగడం, వెనక్కి జరగడం. చాలామందిని "సాధన చేసి మళ్ళీ రండి" అని పంపేస్తారు. ఇచ్చిన కార్డుకీ గడువుంటుంది.

గుహల్లో దిగేవాళ్ళకే బ్రిటన్‌లో కేవ్ డైవింగ్ గ్రూప్ అని 1946 నాటి సంఘం ఒకటుంది. కోర్సుల వ్యాపారం లేదు. పాతవాళ్ళ వెంట తిరిగి నేర్చుకోవడమే. 2018లో థాయిలాండ్ గుహలో చిక్కుకున్న 12 మంది పిల్లల్నీ వాళ్ళ కోచ్‌నీ మొదట కనిపెట్టిన రిక్ స్టాంటన్, జాన్ వోలాంథన్ ఆ బడివాళ్ళే. ఒకరు రిటైరైన ఫైర్‌మన్, ఇంకొకరు కంప్యూటర్ల మనిషి.

మనవైపు చూస్తే కడుపు మండుతుంది. వెనక నుంచి సిలిండర్ పట్టుకుని ఒకరు తోస్తుంటే, ఇరవై నిమిషాలు తిరిగి, చేపతో ఫోటో దిగి "నేను స్కూబా చేశా" అనడం! సరదాగా చేస్తే చెయ్యండి, తప్పులేదు. విద్య అనకండి. పుష్కరాల్లో మన గజ ఈతగాళ్ళని చూసినవాళ్ళం, నీటికి మర్యాద ఇవ్వడం మనకి ఒకరు చెప్పాలా? నేర్చుకోదలిస్తే డబ్బు కట్టకముందు రెండే అడగండి: మోకాళ్ళ మీద నేర్పుతారా, తేలుతూ నేర్పుతారా? కిందటేడు ఎంతమందికి కార్డు ఇవ్వలేదు?

విశాఖలో డైవింగ్ నేర్పే ఒకాయన్ని ఈ రెండోదే అడిగాను. నేవీలో డైవర్‌గా చేసి వచ్చినాయన. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "నలుగుర్నండి. ముగ్గురు నన్ను తిట్టుకుంటా పోయారు. ఒకమ్మాయి మాత్రం ప్రతి ఆదివారం వస్తోంది."